ఇరవై మాటల చీటీలు

లాంచీకి ఇంకా పదకొండు రోజులు

...అందుకే ఆ పీత సంగతి నిన్న సగంలో ఆపేశాను. అమ్మ దగ్గింది. లేచిందేమో అనుకుని కాగితాలు దాచేశాను. లేవలేదు, నిద్రలోనే దగ్గింది.

మళ్ళీ మొదటినుంచి రాస్తాను. అబ్బులు గోడ మీద వంటమనిషి. గోడ అంటే ఉత్త గోడ కాదు. ఏరు సముద్రంలో కలిసే చోట అడ్డంగా కట్టారు, సముద్రం లోపలికి రాకుండా. దాని కడుపులో ఐదంతస్తుల గదులున్నాయి. అరవై ముగ్గురు అక్కడే ఉండి దాన్ని చూసుకుంటారు. మా అక్క కూడా. అక్కడికి వెళ్ళాలన్నా, ఇంటికి రావాలన్నా లాంచీ ఒక్కటే. మా ఎగువపేటలో మూడువేల మందిమి తాగే నీళ్ళు తియ్యగా ఉన్నాయంటే ఆ గోడ వల్లే.

అబ్బులు నిన్న తన వంతు వచ్చినప్పుడు అరగంట మాట్లాడాడు. వాళ్ళమ్మ కళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారా అన్నాడు. మధ్యలో ఒకచోట, "పొద్దున్న బియ్యం డ్రమ్ము మూత తీస్తే లోపల పీతే అమ్మా. బతికున్న పీత. నేనే ఏదో దాని ఇంట్లోకి దూరినట్టు చూసింది" అన్నాడు. పక్కన చిన్న అక్షరాల్లో 'నవ్వు' అని పడింది. మాటలు వైరులో వస్తాయి, మెషీన్ వాటిని అక్షరాలు చేస్తుంది, నవ్వులు మాత్రం అలా మిగులుతాయి.

నేను చీటీ రాశాను. అమ్మా బాగున్నాను, నీ కళ్ళు ఎలా ఉన్నాయి, తమ్ముడి పెళ్ళి సంగతి ఏమైంది, ఇంకా ఇలాంటివే. సరిగ్గా ఇరవై మాటలు. పీత తీసేశాను. పీత డీటెయిల్. తర్వాత క్లియర్ నొక్కాను. ఉత్తరం మొత్తం పోయింది. గోడని నడిపే బోర్డు ఆఫీసులో, చీటీల గదిలో నలుగురం అమ్మాయిలం చేసే పని ఇదే. ఇళ్ళల్లో స్క్రీన్లు లేవు, కాగితం లేదు. వేలెడంత చీటీ మీద ఎంత పడితే అంతే ఇంటికి వెళ్తుంది.

ఎనిమిదో క్లాసులో వకుళ మేడం ఇంగ్లీష్ ప్యాసేజ్ ఇచ్చి మెయిన్ ఐడియా రాయమనేవారు. మొదటి వాక్యం చూడు, చివరి వాక్యం చూడు, ఎక్కువసార్లు వచ్చిన మాట చూడు. పేర్లు, రుచులు, వాసనలు, అంకెలు కొట్టెయ్. మిగిలిందే మెయిన్ ఐడియా. నాకు ఎప్పుడూ పదికి పది. ఇప్పుడు ఆ మేడమే మా గదికి హెడ్. నన్ను ఏరికోరి తీసుకున్నారు.

కొట్టేసిన మాటలు బయట చెప్పకూడదు, రాసుకోకూడదు. గీత అని మాకు సీనియర్ ఉండేది. అరచేతి మీద ఏదో రాసుకుందట. ఇద్దరు మనుషులు వచ్చి తీసుకెళ్ళారు. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. మేం దాని మీద సంచులు కూడా పెట్టం.

నేను మూడు వారాలుగా రాసుకుంటున్నాను. చేతి మీద కాదు. నా పాత వర్క్‌బుక్ పేజీల వెనక. పొద్దున్న పదికి ఎండ సైరన్ మోగితే నాలుగింటిదాకా ఊళ్ళో ఎవరూ గడప దాటరు. అమ్మ నిద్రపోతుంది. కిటికీకి కట్టిన గోనెపట్టా బియ్యం కడిగిన నీళ్ళతో తడిపేసి సామాన్ల గదిలోకి వస్తాను. చెమటకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

ఇందుకే రాస్తున్నాను: వంటగది రెండో అంతస్తులో ఉంటుందని వెళ్ళేముందు అక్క చెప్పింది. అంత పైకి పీత ఎలా ఎక్కింది?

లాంచీకి ఇంకా తొమ్మిది రోజులు

అక్క చీటీ వచ్చింది. సొంతవాళ్ళ ఉత్తరాలు మాకివ్వరు. అక్కవి నా ఎదురుగా కూర్చునే రోషిణికి వెళ్తాయి. రోజూ దాని కళ్ళు స్క్రీన్ మీద కదులుతుంటే చూస్తుంటాను. అది ఒక్కోసారి నవ్వాపుకుంటుంది. అప్పుడు అది అక్కదే అని తెలిసిపోతుంది.

అమ్మ చీటీని దీపం దగ్గరికి జరిపి పైకి చదివింది. "అమ్మా, బాగున్నాను. పని బాగుంది. మందులు మానకు. ప్రణతిని ఎండలో తిరగనివ్వకు. ఈ లాంచీకి వస్తానని అనుకుంటున్నాను. అందరినీ అడిగానని చెప్పు. దిగులు పడకు. ఉంటాను మరి."

వెనక్కి తిప్పి చూసింది, అక్కడేమైనా ఉందేమోనని.

"ఏమే, మీ అక్క ఇంత పొట్టిగా మాట్లాడే మనిషేనా?"

"చీటీ అంతేనమ్మా."

"పెరుగు తేవడానికెళ్ళి వస్తే పెరుగు గురించి గంట చెప్పేది. గిన్నె వంకరగా ఉందనీ, పెరుగావిడ ముక్కుపుడక పోయిందనీ. విని విని పెరుగు పులిసిపోయేది. పద్నాలుగు నెలలైంది, ఒక్క ముక్కుపుడక కబురూ లేదు."

"ఈ లాంచీకి వచ్చి చెప్తుందిలే."

"చెప్తే వింటాను. ఈసారి అస్సలు విసుక్కోను."

చీటీని బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. డబ్బా నిండిపోయింది. అన్నిట్లో అవే మాటలు. ఈ పని మెషీనే చేసే రోజుల్లో అందరికీ ఒకేలా రాస్తోందని జనం గొడవ చేస్తే మమ్మల్ని పెట్టారట. మేమూ ఒకేలాగే రాస్తున్నాం.

ఇవాళ ఏసుదాసు ఉత్తరం నాకు వచ్చింది. క్రేన్ నడుపుతాడు. కూతురి ఫొటో కావాలన్నాడు, పది నిమిషాలు అదే. అదే మెయిన్ ఐడియా. చివర్లో, "చాప మళ్ళీ తడిసిపోయింది, వాన లేదు ఏం లేదు" అన్నాడు. మళ్ళీ అన్నాడు. అంటే ఇంతకుముందు కూడా అన్నాడు, నేను కొట్టేశాను. నా కాగితాల్లో చూస్తే లేదు. నేను రాసుకోవడం మొదలుపెట్టకముందే అయ్యుండాలి.

లాంచీకి ఇంకా ఎనిమిది రోజులు

చేతులు కడుక్కునే చోట రోషిణిని అడిగాను. నీళ్ళు సన్నగా పడుతున్నాయి, ఎవరూ లేరు.

"మా అక్క ఇంకేం చెప్పింది?"

"ఏంటే, ఇక్కడ కూడా నా ఆన్సర్ కాపీ కొడతావా? అప్పట్లో నేను కదా నీది కొట్టేదాన్ని."

"రోషిణీ, ప్లీజ్."

దాని మొహంలో నవ్వు పోయింది. గీత కుర్చీ వైపు చూసింది. సబ్బు మళ్ళీ రుద్దుకుంది, కడుక్కున్న చేతుల మీదే.

"అన్నీ డీటెయిల్సే. మీ అక్క మాట్లాడితే మెయిన్ ఐడియా ఎక్కడుందో నాకే అర్థం కాదు."

"ఒక్కటి చెప్పు."

"ఇదివరకు పంపు రోజుకి మూడు గంటలు తిప్పితే చాలట. ఇప్పుడు అసలు ఆపడం లేదట. ఆ చప్పుడుకి అలవాటుపడి, ఇంటికొచ్చాక నిద్రపడుతుందో లేదో అంది. నవ్వు అని పడింది. పని గురించి కదా, కొట్టేశా. ఇంక అడగకు."

అది వెళ్ళిపోయింది. కొళాయి కట్టేయడం కూడా మర్చిపోయాను. అప్పుడే వచ్చిన ఆయా, "మీ నాన్నగారి ఏరా అమ్మా ఇది?" అని తిట్టింది.

లాంచీకి ఇంకా ఆరు రోజులు

ఈ రెండు రోజులూ ఉత్తరాలు మూడేసి సార్లు చదివాను. చదవాల్సింది వదిలేసి కొట్టేయాల్సినవి చదివాను.

హసీనా వెల్డింగ్ చేస్తుంది. తన గది తలుపు గడియ పడటం లేదంది. చెక్క ఉబ్బిందేమోనని చెక్కితే రెండోరోజుకి మళ్ళీ పట్టేసిందట. తలుపు తీసేసి గుమ్మానికి అడ్డంగా చీర కట్టుకుంది. "పాత చుడీదార్ కంటే ఇదే బాగుంది మా గదికి" అంది.

లోవరాజు ఉత్తరమంతా ఫ్రెండ్స్ గురించే. క్యారమ్స్‌లో రోజూ ఓడిపోతున్నాడట. బిళ్ళలన్నీ సముద్రం వైపు మూలకే జారుతున్నాయట. అవతలివాడు బోర్డుకి ఏదో పూశాడని పెద్ద గొడవ. బోర్డు తిప్పి పెట్టారట. అయినా సముద్రం వైపే జారాయట. ఇప్పుడు ఆ మూల కింద పుస్తకం పెట్టి ఆడుతున్నారు.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది. చీటీలో "స్నేహితులతో సరదాగా ఉన్నాను" అని రాశాను. క్లియర్ నొక్కబోతుండగా నా వేలు ఆగిపోయింది.

ఇంటికొచ్చి కాగితాలన్నీ నేల మీద వరసగా పరిచాను. చాప. పీత. పంపు. తలుపు. క్యారమ్ బోర్డు. ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కటే చూశారు. ఎవరికి వాళ్ళు అది తమ గది గొడవే అనుకున్నారు. గోడ పని సంగతులు ఇంటికి చెప్పకూడదు కాబట్టి ఇంట్లోవాళ్ళు అడగరు కూడా. అరవై ముగ్గురి ఉత్తరాలనీ కలిపి ఒకటే ప్యాసేజ్ అనుకుంటే ఎలా ఉంటుందని చూశాను. ఎక్కువసార్లు వచ్చిన మాట 'బాగున్నాను' కాదు. తడి.

గోడ సముద్రం వైపు ఒరిగిపోతోంది. నీళ్ళు లోపలికి వస్తున్నాయి.

పదికి పది వచ్చినప్పుడు ఇలా ఉండేది కాదు.

లాంచీకి ఇంకా ఐదు రోజులు

మేడంకి చెప్పాను. సైరన్‌కి ముందు అందరూ వెళ్ళిపోయాక. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

వకుళ మేడం మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఎవరైనా 'గోడ ఒరిగింది' అన్నారా?"

"లేదు మేడం."

"ఒక్కరైనా?"

"క్యారమ్ బోర్డు..."

"క్యారమ్ బోర్డు అన్నాడు. గోడ అనలేదు. ఎయిత్‌లో నీకేం చెప్పాను? ప్యాసేజ్‌లో లేనిది ఆన్సర్‌లో రాకూడదు. ఊహించి రాస్తే?"

"సున్నా మేడం."

"ఉత్తరాలున్నాయా చూపించడానికి?"

"క్లియర్ చేసేశాం కదా."

"మరి నీకింత వివరంగా ఎలా గుర్తుంది?"

"గుర్తుంటాయి మేడం" అన్నాను. నా వైపు చూశారు. ఎయిత్‌లో పక్కవాళ్ళది చూసి రాస్తే ఇలాగే చూసేవారు.

"నేను బోర్డు వాళ్ళ దగ్గరికి వెళ్తాననుకో. వాళ్ళ టేబుల్ మీద ఈ నెల చీటీలన్నీ ఉంటాయి. ప్రతి చీటీకీ కాపీ వాళ్ళకి వెళ్తుంది, తెలుసుగా. అన్నిట్లోనూ బాగున్నాం, బాగున్నాం. ఆ చీటీలు రాసిందెవరు ప్రణతీ?"

మేడం కిటికీ వైపు చూశారు.

"ఎండెక్కుతోంది. ఇంటికెళ్ళు."

దారిలో కాళ్ళు కాలాయి. ఏసుదాసు మొదటిసారి చాప అన్నది ఎప్పుడో గుర్తొచ్చింది. వాళ్ళ పాప పుట్టినరోజు చీటీ అది. నలభై రోజులైంది. ఆ రోజు చాప వాక్యం కొట్టేస్తే సరిగ్గా ఇరవై మాటలు వచ్చాయి. నాకు చాలా హాయిగా అనిపించింది.

లాంచీకి ఇంకా నాలుగు రోజులు

పైన ఇంక అలా రోజులు లెక్కపెట్టి రాయడానికి లేదు. బోర్డు ఆఫీసు తలుపు మీద నోటీసు అంటించారు. గోడ మీద అందరూ క్షేమంగా ఉన్నట్టు చీటీలను బట్టి తెలుస్తున్నందున, ఆయిల్ తక్కువగా ఉన్నందున, ఈసారి లాంచీ వెళ్ళదు. రెండు నెలల తర్వాత వెళ్తుంది.

అమ్మ రెండుసార్లు చదివింది. అక్క కోసం తీసిపెట్టిన దుప్పటి మళ్ళీ మడతపెట్టింది.

"పోన్లే. క్షేమంగా ఉన్నారన్నారుగా. అదే చాలు."

నేను బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఏడుపు బయటికి రాకుండా తువ్వాలు కొరికాను. ఆ నోటీసులో నా మాటలే ఉన్నాయి. క్షేమంగా ఉన్నాను, స్నేహితులతో సరదాగా ఉన్నాను. నేను బాగా రాశాను కాబట్టే లాంచీ వెళ్ళడం లేదు.

లాంచీ లేదు, మొదటి రోజు

ఇవాళ ఏసుదాసు వంతు మళ్ళీ వచ్చింది. ఉత్తరం చదివాను. ఆఫీసు వాళ్ళు వైరులో పంపిన ఫొటో చేరినట్టుంది, ఆ సంతోషమే చాలాసేపు. చివర్లో నాలుగు ముక్కలు చాప గురించి.

ఆ ముక్కలే చీటీలో రాశాను. ఫొటో కొట్టేశాను.

"రోజూ చాప తడుస్తోంది. వాన లేదు. చాప మూడుసార్లు జరిపాను. అయినా తడి. నాకితే ఉప్పగా ఉంది. సముద్రం వైపు గోడ దగ్గర మరీ ఎక్కువగా ఉంది."

ఇరవై. ఒక్క మాట కూడా నాది కాదు. అన్నీ అతనివే. మేడం ప్రతి ఐదో చీటీ చూస్తారు. ఇది మూడోది. ట్రేలో వేసేటప్పుడు చీటీ జారి కింద పడింది. రోషిణి వంగి తీసింది. చదివింది. నా మొహంలోకి చూసి ట్రేలో వేసింది.

ట్రేలో ఐదో చీటీ నాది కాకుండా చూసుకుంటూ, నా వంతు నాలుగు ఉత్తరాలూ అలాగే చేశాను. ఫొటో సంతోషం వాళ్ళావిడకి చేరదు. అది నేను దొంగిలించాను. అది కూడా ఇక్కడ రాసిపెడుతున్నాను.

లాంచీ లేదు, మూడో రోజు

నిన్న ఇంకో నాలుగు వెళ్ళాయి. ఇవాళ గదికి సెలవు. సాయంత్రం నీళ్ళ లైన్లో అమ్మతో నిలబడ్డాను, రెండు క్యాన్లు పట్టుకుని. ముందు ఏసుదాసు భార్య రూతమ్మ ఉంది.

"పదేళ్ళ కాపురంలో మా ఆయన నా గురించి కూడా ఇంత బాధపడలేదమ్మా. చీటీ అంతా చాపే. పాప ఫొటో పంపానా, దాని ఊసే లేదు. వచ్చాక ఆ చాపతోనే కాపురం చెయ్యమంటాను."

అందరూ నవ్వారు. లోవరాజు వాళ్ళ నాన్న వెనకనుంచి అరిచాడు.

"నీదే నయం. మావోడికి క్యారమ్స్‌లో ఓడిపోతున్నానని బెంగ. బిళ్ళలు జారిపోతున్నాయంట. గోడ కాయమని పంపితే బిళ్ళలు కాస్తున్నాడు ఎదవ."

"ఎటు జారుతున్నాయంట?" అంది హసీనా వాళ్ళమ్మ.

"సముద్రం వైపంట. బోర్డు తిప్పినా అటేనంట."

"మా పిల్ల గది తలుపు మూసుకోవట్లేదంట. గుమ్మానికి చీర కట్టుకుందంట."

రూతమ్మ ఇంక నవ్వలేదు. నడుముకి దోపుకున్న చీటీ తీసి మళ్ళీ చదివింది. "నాకితే ఉప్పగా ఉంది" అని మెల్లగా అంది. అబ్బులు వాళ్ళమ్మకి చూపు ఆనదు. తన చీటీ అమ్మ చేతికిచ్చి, "చదువు తల్లీ, ఎవరూ సరిగ్గా చదవట్లేదు, పీతలు పీతలు అంటున్నారు" అంది. అమ్మ చదివింది. రెండో అంతస్తులో పీతలు.

కొళాయి కింద ఎవరిదో క్యాను నిండి పొర్లిపోతోంది. నీళ్ళు పారబోస్తే కొట్టుకునే జనం, ఎవరూ దాన్ని జరపలేదు.

అమ్మ నా వైపు చూసింది. ఇది నా పనేనని అమ్మకి తెలిసిపోయింది. నా చేతిలో క్యాన్లు తీసి కింద పెట్టింది.

"పదండి" అంది రూతమ్మతో. "బోర్డు ఆఫీసుకి పదండి. మా పెద్దది ఆ గోడ మీదే ఉంది."

మా అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అందరూ క్యాన్లు అక్కడే వదిలేసి వెళ్ళారు.

లాంచీ లేదు, నాలుగో రోజు

రేపు తెల్లవారుజామున లాంచీ వెళ్తుంది. ఆఫీసు ముందు నిన్నటినుంచీ జనం కదల్లేదు. ఎండలో కూడా, గోనెపట్టాలు కప్పుకుని. ఇళ్ళల్లో దీపాలకుంచుకున్న ఆయిల్ తెచ్చి పోశారు. రాత్రి ఏటిలో కొట్టుకొచ్చే కొయ్యలు తగులుతాయని రేపటిదాకా ఆగారు. పద్నాలుగు గంటల ప్రయాణం.

మేడం నన్ను పిలిచారు. టేబుల్ మీద నా ఎనిమిది చీటీల కాపీలు.

"ఇవి సారాంశాలు కావు."

"కావు మేడం."

"ఒక్కదాంట్లో కూడా మెయిన్ ఐడియా లేదు. ఎనిమిదింటికీ సున్నా."

"అవును మేడం."

మేడం మళ్ళీ ఆ చీటీలనే చూశారు. ఒకదాన్ని సరిచేసి ఇంకోదాని పక్కన పెట్టారు, ఇంకోటి కింద. నేను నేల మీద కాగితాలు పరుచుకున్నట్టే.

"నేను నేర్పింది తప్పు కాదు" అన్నారు. నాతో కాదు. తర్వాత నా వైపు తిరిగారు. "రేపట్నుంచి నువ్వు రావొద్దు. బోర్డు వాళ్ళు అడుగుతున్నారు, ఈ పిల్లకి ఇంతింత ఎలా గుర్తున్నాయని. నీ ఇంట్లో ఏమైనా కాగితాలుంటే..." ఆగారు. "ఉంటే నాకు చెప్పొద్దు."

కాల్చేయాలని ఇంటికొచ్చాను. అగ్గిపుల్ల కూడా గీశాను. వాళ్ళ మాటలు ఇంకెక్కడా లేవు. ఆర్పేశాను.

లాంచీ వెళ్ళిన రోజు

పొద్దున్న చీకటితోనే లాంచీ బయల్దేరింది. అమ్మ రేవు దాకా వెళ్ళి వచ్చి పడుకుంది. పడుకునే ముందు, "ఇరవై మంది పడతారంట లాంచీలో. నాలుగు ట్రిప్పులు" అంది.

సైరన్ మోగడానికి కొంచెం ముందు రోషిణి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. పరిగెత్తి వచ్చినట్టుంది.

"నిన్న సాయంత్రం నుంచి స్క్రీన్ మీద ఏమీ రాలేదు" అంది. "వైరు బాగానే ఉందంటున్నారు. అవతల ఎవరూ మాట్లాడటం లేదు."

వీధిలో అటూ ఇటూ ఒకసారి చూసుకుంది.

"ఆఖరుది మీ అక్కదే ప్రణతీ. నేను చీటీ చెయ్యలేకపోయాను. కూర్చుని బట్టీ పట్టాను, ఎగ్జామ్‌కి పట్టినట్టు. మొత్తం. చెప్తాను, మధ్యలో ఆపకు, ఆపితే మర్చిపోతాను."

రెండుసార్లు చెప్పింది. కళ్ళు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా. తర్వాత నా చెయ్యి ఒక్కసారి నొక్కి వెళ్ళిపోయింది. అది మలుపు తిరగకముందే సైరన్ మోగింది. ఇప్పుడు రాస్తున్నాను. ఒక్క మాట కూడా తీసేయను.

"అమ్మా, నేనే. మమ్మల్నందర్నీ ఇవాళ పై అంతస్తుకి మార్చారు. అరవై ముగ్గురం ఒకటే హాల్లో. స్కూలు పిక్నిక్‌లా ఉందనుకో. హసీనా గురక పెడుతుందని నాకిన్నాళ్ళూ తెలీదు, చిన్న గురక కాదమ్మా, పంపే నయం. అబ్బులు స్టవ్వు మోసుకొచ్చాడు గానీ డ్రమ్ము ఎత్తలేకపోయాడు. అందుకని బియ్యం తలగడ గలీబుల్లో పోసుకొచ్చాడు. అన్నంలో దూది వచ్చింది. ఏరుకుంటూ తిన్నాం. లోవరాజు దూది ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళు గెలిచినట్టు అన్నాడు. వాడే గెలిచాడు పాపం, ఎన్నాళ్ళకో.

"ఇక్కణ్ణించి రెండు పక్కలా కనిపిస్తుందమ్మా. నేను వచ్చిన కొత్తలో అటు సముద్రం నీలంగా, ఇటు మన ఏరు మట్టిరంగులో ఉండేవి, మధ్యలో మనం. ఇవాళ చూస్తే రెండు పక్కలా ఒకటే రంగు. చూడ్డానికి ఎంత బాగుందో. నాకు మాత్రం కాళ్ళు చల్లగా అయిపోయాయి. లాంచీ రావట్లేదని తెలిసింది. దానికి నువ్వు బెంగపెట్టుకోకు. ఆ పెరుగావిడకి ముక్కుపుడక దొరికిందా?

"చీటీ చేసే అమ్మాయీ, నువ్వెవరో నాకు తెలీదు. నా వాగుడంతా పద్నాలుగు నెలలుగా చదువుతున్నావు, నీకు దణ్ణం. ఇందులో ఏం పారేస్తావో పారెయ్, నాకేం కోపం లేదు. ఒక్కటి మాత్రం ఉంచు. నేను బయల్దేరిన రోజు మా చెల్లి నాకు జడ వేసింది. దానికి జడ వేయడం రాదు, వదులుగా వేసింది, దారిలో ఊడిపోతుందని అమ్మ తిట్టింది. గోడ దాకా ఊడలేదని దానికి చెప్పు. రెండు రోజులు నేనే విప్పలేదు. దానికి చెప్పు, అక్క"

తలుపు కొడుతున్నారు.

ఈ ఎండలో ఎవరూ రారు. లాంచీ ఇంకా సగం దూరం కూడా వెళ్ళి ఉండదు. రోషిణి అయితే పేరు పెట్టి పిలుస్తుంది.

మళ్ళీ కొట్టారు. ఒక చెయ్యి కాదు.

ఇంకా రెండు వాక్యాలున్నాయి. రాసే టైం లేదు. నోట్లో అనుకుంటున్నాను, పెదాలు కదలకుండా. అమ్మ లేచింది. "ఎవరండీ, వస్తున్నా" అంటోంది. కాగితాలు కందిపప్పు డబ్బా అడుగున పెడుతున్నాను, పైన పప్పు